మీరడిగారు: సెలికా మీద ఇన్ని ఉత్తరాలా!

పోయిన నెల టొయోటా వాళ్ల స్పోర్ట్స్ కారు సుప్రా గురించి ఒకాయన అడిగితే, జవాబు చివర "అసలు సుప్రా పుట్టిందే సెలికా ఇంట్లో" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. మన దేశంలో షోరూమ్ మొహం కూడా చూడని కారు కదా, ఎవరు పట్టించుకుంటారులే అనుకున్నా. వచ్చిన ఉత్తరాలు చూస్తే మతిపోయింది. అందుకే ఈసారి మైలేజీ ప్రశ్నలు, టైర్ల ప్రశ్నలు అన్నీ పక్కన పెట్టాను, ఈ నెలంతా సెలికాయే. టైర్ల వాళ్లు తిట్టుకోకండి, వచ్చే నెల మీదే.

ప్రశ్న: మా బాబాయి దుబాయ్‌లో ఉన్నప్పుడు సెలికా నడిపాడట. "అది స్పోర్ట్స్ కారేంట్రా, మామూలు కారుకి పైన సోకు చేశారు, అంతే" అంటాడు. నిజమేనా? (ఖమ్మం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి)

జవాబు: నిజమే. కాకపోతే మీ బాబాయిగారు దాన్ని తిట్టులా అంటున్నారు, నేనైతే మెచ్చుకోలుగా అంటాను. 1970 అక్టోబరులో టోక్యో మోటార్ షోలో చూపించి డిసెంబరులో అమ్మడం మొదలుపెట్టారు. అప్పుడే టొయోటా కరీనా అనే బుద్ధిమంతుడైన ఫ్యామిలీ కారు కూడా వదిలింది. ఈ రెండిటికీ పునాది ఒకటే, పైన కట్టిన ఇల్లు వేరు. అమెరికాలో ఫోర్డ్ కూడా 1964లో ఇదే పని చేసింది, ఫాల్కన్ అనే చప్పిడి కారు ఎముకల మీదే మస్టాంగ్‌ని నిలబెట్టింది. టొయోటా వాళ్లు ఆ పాఠాన్ని ఎంత శ్రద్ధగా చదివారో తెలియాలంటే 1973లో వచ్చిన లిఫ్ట్‌బ్యాక్ (వెనక అద్దంతో సహా డిక్కీ తలుపు పైకి లేచే) మోడల్ వెనక లైట్లు చూడండి, నిలువుగా పట్టీలు పట్టీలుగా ఉంటాయి, మస్టాంగ్ చూసినవాడెవడూ పొరబడడు.

పైకి సోకే కానీ లోపల మరీ డొల్ల ఏం కాదు. మొదటి తరంలో పైమోడల్ అయిన జీటీలో 2టీ-జీ అనే 1588 సీసీ ట్విన్ క్యామ్ (వాల్వులు తెరిచే క్యామ్ కడ్డీలు రెండున్న) ఇంజన్ ఉండేది. యమహా చేయి పడిన ఇంజన్ అది. రెండు కార్బురేటర్లు, 115 హార్స్‌పవర్, బండి బరువు టన్ను కూడా లేదు. 1970లో, అదీ మధ్యతరగతి వాడు కొనగలిగే కారులో ఇది చిన్న విషయం కాదు.

ఇంకో సంగతి నాకు భలే ఇష్టం. జపాన్‌లో ఈ కారుని "ఫుల్ చాయిస్" అనే పద్ధతిలో అమ్మారు. ఇంజన్ ఏది, గేర్‌బాక్స్ ఏది, బయట హంగులు ఏవి, లోపల సీట్లు ఏవి అన్నీ కొనేవాడే ఎంచుకోవాలి (జీటీకి మాత్రం ఈ సౌకర్యం లేదు, అది వండినట్టే తినాలి). పెసరట్టులో ఉప్మా పెట్టాలా వద్దా, అల్లం ఎక్కువ వెయ్యాలా, ఉల్లిపాయ మానెయ్యాలా అని అడిగి మరీ వేసినట్టన్నమాట. ఇలా వచ్చిన ప్రతి ఆర్డరూ ఫ్యాక్టరీలో కలగాపులగం కాకుండా చూడ్డానికి టొయోటా కంప్యూటర్ల మీద ఆధారపడాల్సి వచ్చింది.

సెలికా అంటే లాటిన్‌లో స్వర్గానికి చెందినది అని అర్థం. జపాన్ జనం మాత్రం "దరుమా" అని పిలుచుకున్నారు. దరుమా అంటే వాళ్ల దగ్గర దొరికే గుండ్రటి బొమ్మ, పడేసినా లేచి కూర్చుంటుంది. ఆ బుగ్గల మొహం, మీసంలా వంగిన ముందు బంపరు చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

ప్రశ్న: సుప్రా సెలికా ఇంట్లో పుట్టిందన్నారు, వివరంగా చెప్పలేదు. (గుంటూరు)

జవాబు: రెండో తరం సెలికా 1977లో వచ్చింది. దాని రూపం గీసింది జపాన్‌లో కాదు, కాలిఫోర్నియాలో టొయోటా పెట్టుకున్న క్యాల్టీ స్టూడియోలో. గీసినాయన డేవిడ్ స్టోలరీ, చిన్నప్పుడు డిస్నీ టీవీ కార్యక్రమాల్లో బాలనటుడు. పెద్దయ్యాక కార్లు గీశాడు! మరి ఆ రోజుల్లో అమెరికాలో డాట్సన్ వాళ్ల జెడ్ కార్లు ఆరు సిలిండర్లతో దుమ్ము రేపుతున్నాయి. టొయోటా దగ్గరేమో సెలికాలో నాలుగే సిలిండర్లు. ఆరింటిని వరసగా పేర్చిన ఇంజన్ పెడదామంటే బానెట్ కింద చోటు చాలదు. ముక్కు పొడుగు చేశారు, పెట్టేశారు. 1978లో జపాన్‌లో దాని పేరు సెలికా ఎక్స్‌ఎక్స్, ఆ తర్వాత అమెరికాలో సెలికా సుప్రా. 1986లో సుప్రా వేరు కాపురం పెట్టి సెలికా అనే ఇంటిపేరు వదిలేసింది. ఇప్పుడు సుప్రా పేరు చెబితే కుర్రాళ్లు ఊగిపోతారు, సెలికా అంటే "అదేంటి సార్" అంటారు.

మూడో తరం (1981) గురించి ఎవరూ అడగలేదు. అంచులన్నీ స్కేలు పెట్టి గీసినట్టుండే బండి. దాన్ని ర్యాలీ బండిగా మార్చాక జరిగింది వేరే కథ, అది కింద జవాబులో వస్తుంది.

ప్రశ్న: 1985లో వెనక చక్రాల డ్రైవ్ తీసేసి ముందు చక్రాల డ్రైవ్ చేశారు. ఆ రోజే సెలికా చచ్చిపోయింది. మీలాంటివాళ్లు ఆ తర్వాతి కార్లని కూడా సెలికా అని పొగడటం అన్యాయం. (హైదరాబాద్ నుంచి కోపంగా రాసిన పాఠకుడు)

జవాబు: మీ కోపం అర్థమైంది సార్. ఈ మాట మీద నేను పాతికేళ్లుగా కొట్లాడుతున్నాను, అప్పట్లో మీ పక్షానే ఉండేవాణ్ణి కూడా. ఇప్పుడు లేను.

ముందు పునాది ఒకటే అన్నాను గుర్తుందా. ఆ లెక్కలో సెలికా బతుకు ఎప్పుడూ తన చేతిలో లేదు, ఫ్యామిలీ కార్ల చేతిలో ఉంది. 1980ల్లో టొయోటా తన సెడాన్లని ఒక్కొక్కటిగా ముందు చక్రాల డ్రైవ్‌లోకి మార్చేసింది, క్యామ్రీ, కరోలా, కరీనా, కరోనా అన్నీ. ఇంజన్ అడ్డంగా పడుకోబెట్టి, వెనక్కి వెళ్లే పొడుగు షాఫ్ట్ తీసేస్తే లోపల కాళ్లు పెట్టుకోవడానికి చోటొస్తుంది, ఖర్చూ తగ్గుతుంది. కిందున్న ఇల్లే మారిపోతే మేడమీద గది ఒక్కటే పాత చోట గాల్లో వేలాడదు కదా! 1985లో వచ్చిన నాలుగో తరం సెలికా ఆ కొత్త పునాది మీదే లేచింది. అప్పటికి కొన్నాళ్లపాటు పాత పద్ధతి పట్టుకుని ఉన్నది కరోలా కూపే, అదే మీరందరూ దండం పెట్టే ఏఈ86.

ఇప్పుడు అసలు మలుపు. మూడో తరం సెలికాతో టొయోటా గ్రూప్ బీ ర్యాలీల్లోకి దిగింది, అంటే పందెం కోసమే కొద్ది బండ్లు చేసుకుంటే చాలనే తరగతి. టర్బో (ఇంజన్‌లోకి గాలిని బలంగా తోసే పంకా) ఉంది కానీ డ్రైవ్ వెనక చక్రాలకే. ఎదురుగా ఆడి క్వాట్రో నాలుగు చక్రాలూ తిప్పుతూ వస్తోంది. యూరప్ మంచులో, గులకరాళ్లలో మన బండి నిలబడలేదు. కెన్యాలో సఫారీ ర్యాలీ సంగతి వేరు, వేల కిలోమీటర్లు దుమ్ము, గుంతలు, వాన వస్తే మోకాళ్ల లోతు బురద, అక్కడ గెలిచేది వేగం కాదు, సాయంత్రానికి విరక్కుండా మిగిలింది. 1984లో బ్యోర్న్ వాల్డెగార్డ్, 1985లో యుహా కంకునెన్, 1986లో మళ్లీ వాల్డెగార్డ్. వరసగా మూడేళ్లు సెలికాయే. ముందు కంచెలాంటి ఇనప కడ్డీలు, వాగులు దాటేటప్పుడు ఇంజన్ నీళ్లు మింగకుండా పైకి నిలబెట్టిన గొట్టం, ఆ ఫొటోలు ఎక్కడైనా దొరికితే చూడండి, మన పొలాల్లో ట్రాక్టరుకి దూరపు చుట్టంలా ఉంటుంది.

1986లో ప్రాణాలు పోయే ప్రమాదాలు జరిగాక గ్రూప్ బీ మూసేశారు. 1987 నుంచి గ్రూప్ ఏ. ఏడాదిలో 5000 బండ్లు మామూలు జనానికి అమ్మేలా తయారు చేసిన కారే ర్యాలీలో దిగాలని రూలు. అంటే ఇక చేత్తో చెక్కిన వింత బండ్లు కుదరవు, షోరూమ్‌లో దొరికే నాలుగు చక్రాల డ్రైవ్ టర్బో కారు కావాలి. అలాంటి కారు అప్పటికే టొయోటా చేతిలో ఉంది. 1986 అక్టోబరులో వచ్చిన సెలికా జీటీ-ఫోర్, లోపలి కోడ్ ఎస్‌టీ165. మీరు తిడుతున్న ఆ ముందు చక్రాల బండికే రెండు లీటర్ల టర్బో ఇంజన్ పెట్టి, గేర్‌బాక్స్ దగ్గర్నుంచి వెనక్కి ఒక షాఫ్ట్ లాగి చేసిన కారు అది.

తర్వాతి లెక్క మీరే చూడండి. 1990లో కార్లోస్ సైన్స్ దానితో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. జపాన్ కారుతో డ్రైవర్ల టైటిల్ గెలవడం అదే మొదలు. అదే ఏడాది ఫిన్లాండ్‌లో థౌజండ్ లేక్స్ ర్యాలీ కూడా కొట్టాడు, అప్పటిదాకా ఆ చుట్టుపక్కల దేశాల వాళ్లు తప్ప బయటివాడెవడూ గెలవని పోటీ అది. ఐదో తరం బండి, ఎస్‌టీ185, దీనికంటే ఘనం. 1992 సైన్స్, 1993 కంకునెన్, 1994 డిడియే ఓరియోల్. మూడేళ్లు, ముగ్గురు డ్రైవర్లు, ఒకే బండి. డ్రైవర్ గొప్పా బండి గొప్పా అని వాదన వస్తే నేను ఈ మూడు పేర్లు చెప్పి ఊరుకుంటాను. 1993 సఫారీలో మొదటి నాలుగు స్థానాలూ సెలికాలవే, ఆ ఏడాది తయారీదార్ల టైటిల్ కూడా జపాన్ కంపెనీకి మొదటిసారి వచ్చింది.

కాబట్టి 1985లో చచ్చిపోయింది అనకండి సార్. రోడ్డు మీద తోక తిప్పుకుంటూ వెళ్లే సరదా పోయింది, ఒప్పుకుంటాను.

ప్రశ్న: 1995లో టొయోటా మోసం చేసి దొరికిపోయిందని చదివాను. అసలు ఏం చేశారు? మెకానికల్ థర్డ్ ఇయర్ చదువుతున్నాను, కాస్త లోతుగా చెప్పండి. (విశాఖపట్నం)

జవాబు: బాబూ, నీకు లోతుగానే చెప్తాను, ఎందుకంటే ఇది మోసమే అయినా ఇంజనీరింగ్ మాత్రం ముచ్చటేస్తుంది.

టర్బో బండ్లు మరీ రెచ్చిపోకుండా, కారు పందేల రూల్స్ పెట్టే ప్రపంచ సంస్థ ఎఫ్ఐఏ ఒక అడ్డు పెట్టింది. టర్బోలోకి గాలి వెళ్లే దారిలో రిస్ట్రిక్టర్ అనే ఇరుకు రింగు బిగించాలి, లోపలి వ్యాసం 34 మిల్లీమీటర్లు. లోపలికెళ్లే గాలి మొత్తం ఆ కన్నం లోంచే పోవాలి. గాలి తక్కువైతే ఇంధనం తక్కువ, పవర్ తక్కువ. సీసా మూతికి స్ట్రా పెట్టి ఊపిరి పీల్చమన్నట్టు.

ఆరో తరం సెలికా, ఎస్‌టీ205, కొంచెం బరువైన బండి, 1994 దాకా ఏలిన అన్నగారిలా గెలవలేకపోతోంది. 1995లో కోర్సికాలో ఓరియోల్ గెలిచాడు, అంతే. అక్టోబరులో స్పెయిన్‌లోని కాటలోనియా ర్యాలీలో తనిఖీ వాళ్లు టర్బో విప్పారు. రింగు కొలిచారు, 34 ఉంది. అంతా సవ్యంగానే కనిపించింది. కిటుకు రింగులో లేదు, అది కూర్చునే చోట ఉంది. గాలి గొట్టాన్ని ప్రత్యేకమైన పనిముట్టుతో బలంగా నొక్కి క్లాంప్ బిగిస్తే లోపల దాచిన స్ప్రింగు వాషర్లు అణిగి, రింగు టర్బో నుంచి ఒక ఐదు మిల్లీమీటర్లు జరుగుతుంది. ఆ సందులోంచి, రింగు పక్క నుంచి, గాలి దొంగదారిన లోపలికి పోతుంది. చూద్దామని ఎవరైనా గొట్టం విప్పారనుకో, స్ప్రింగులు రింగుని మళ్లీ యథాస్థానంలోకి తోసేస్తాయి, సందు మూసుకుపోతుంది. అంటే విప్పితే తప్పు కనబడదు, బిగిస్తే తప్ప తప్పు జరగదు! ఇన్‌స్పెక్టర్ గేటు తీసిన చప్పుడుకి మున్సిపల్ కుళాయికి పెట్టిన మోటారు దానంతటదే మాయమైపోతే ఎలా ఉంటుందో అలా. దీనివల్ల నాలుగో వంతు గాలి ఎక్కువ, సుమారు 50 హార్స్‌పవర్ లాభం అని లెక్కగట్టారు.

టీమ్‌కీ డ్రైవర్లకీ ఆ ఏడాది పాయింట్లన్నీ తీసేశారు, టైటిల్ రేసులో ఉన్న కంకునెన్ పాయింట్లు కూడా పోయాయి. ఆపైన 12 నెలల నిషేధం. తిరిగి 1997లో వచ్చేసరికి చేతిలో కరోలా ఉంది. సెలికా ర్యాలీ చరిత్ర ఆ ఐదు మిల్లీమీటర్ల సందులో పడిపోయింది.

ఎస్‌టీ205 రోడ్డు మోడల్ ఎక్కడైనా తటస్థపడితే బానెట్ ఎత్తి చూడు. ర్యాలీ రూల్స్ కోసం 2500 బండ్లకి ఇంటర్‌కూలర్ (టర్బో తోసే గాలిని చల్లబరిచే జాలీ) మీద నీళ్లు చల్లే ఏర్పాటు, టర్బో ఆలస్యం లేకుండా చేసే యాంటీ-ల్యాగ్ సామాను పెట్టి అమ్మారు. యాంటీ-ల్యాగ్ ఉంది కానీ రోడ్డు మీద పనిచెయ్యదు. పెట్టాలి కాబట్టి పెట్టారు.

ప్రశ్న: మా అబ్బాయి ఇక్కడ యూనివర్సిటీలో చదువుతున్నాడు. 2001 సెలికా జీటీ-ఎస్ సెకండ్ హ్యాండ్‌లో కొంటానని గొడవ. పాత బండి, నాకు ఒకటే టెన్షన్. ఏం చూసుకోమంటారు? (డల్లాస్ నుంచి ఒక తల్లి)

జవాబు: అమ్మా, ముందు ఇన్సూరెన్స్ కొటేషన్ తెప్పించమనండి. కుర్రాడు, రెండు తలుపుల స్పోర్టీ కారు, ఆ అంకె చూశాక సగం గొడవ దానంతటదే సద్దుమణగొచ్చు.

అప్పటికీ కొంటానంటే వినండి. 1999లో వచ్చిన ఈ ఏడో తరంలో టర్బో లేదు, నాలుగు చక్రాల డ్రైవ్ లేదు. తేలికైన బండి, పదునైన మొహం, 1.8 లీటర్ల ఇంజన్. మామూలు జీటీలో 140 హార్స్‌పవర్, జీటీ-ఎస్‌లో 180. ఈ 180 ఇంజన్, 2జడ్‌జడ్, మళ్లీ యమహాతో కలిసి చేసిందే. లోటస్ ఎలీస్‌లో కూడా ఇదే పెట్టారు. దాని విద్య ఏమిటంటే, వాల్వులు తెరిచే క్యామ్ మీద రెండు రకాల ఉబ్బులుంటాయి, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. మామూలు వేగంలో పెద్ద ఉబ్బు ఊరికే తిరుగుతుంది, కింద సందు ఉంటుంది కాబట్టి దేన్నీ నొక్కదు. 6000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దాటాక ఆయిల్ ఒత్తిడితో ఒక చిన్న పిన్ను జరిగి ఆ సందులో దూరుతుంది. ఇక పెద్ద ఉబ్బు పనిలోకి దిగి వాల్వుల్ని ఇంకా లోతుగా తెరుస్తుంది. దీన్నే అక్కడి కుర్రాళ్లు "లిఫ్ట్" అంటారు.

నేను ఒకే ఒక్కసారి ఎక్కాను, ఫ్రీమాంట్‌లో, మిత్రుడి పక్క సీట్లో. ఫ్రీవే ఎక్కే వంపులో సెకండ్ గేర్‌లోనే తొక్కి పట్టాడు. నాలుగు వేలు, ఐదు వేలు, మామూలు కరోలా గోలే. ఆరు దాటగానే గొంతు మారింది, కుట్టుమిషన్ అనుకున్నది ఒక్కసారిగా సన్నాయి పాటకి డోలు అందుకున్నట్టు. నా చేతిలో కాఫీ చొక్కా మీద ఉంది.

అదే బండికి ఒకరోజు ఆ లిఫ్ట్ రావడం మానేసింది. ఒక షెడ్డు మెకానిక్ చూసి "ఇంజన్ పోయింది, మార్చాలి" అని వేల డాలర్లు చెప్పాడు. తీరా చూస్తే పోయింది లిఫ్ట్ బోల్టు, వాల్వ్ కవర్ విప్పితే కనబడే చిన్న బోల్టు. మొదటి ఏళ్ల బండ్లలో ఇవి విరగడం అందరికీ తెలిసిన జబ్బే, తర్వాత మార్చిన బోల్టు వచ్చింది. కాబట్టి మీ అబ్బాయి టెస్ట్ డ్రైవ్‌లో ఇంజన్ బాగా వేడెక్కాక ఒకసారి 6000 దాటించి చూడాలి, గొంతు మారకపోతే బోల్టు పోయినట్టు, ధర తగ్గించమని అడగాలి. ఇంతకంటే భయపడాల్సింది పాత ఓనరు. మూడో గేర్ నుంచి నాలుగులోకి వెయ్యబోయి పొరపాటున రెండులోకి వేస్తే ఇంజన్ హద్దు మీరి తిరుగుతుంది, ఆయిల్ పంపు పగులుతుంది, ఆ తర్వాత ఇంజనే ఉండదు. మామూలు జీటీ కొంటే వేరే తలనొప్పి, ఆ మొదటి ఏళ్ల ఇంజన్లు ఆయిల్ తాగుతాయి, డిప్‌స్టిక్ తీసి చూడకుండా డబ్బులివ్వొద్దు.

ప్రశ్న: సెలికా ఇండియాలో ఎప్పుడైనా అమ్మారా? (విజయవాడ)

జవాబు: లేదు. టొయోటా ఇక్కడ దుకాణం తెరిచి 2000లో తెచ్చింది క్వాలిస్‌ని. పెళ్లివాళ్లు, ట్రావెల్స్ వాళ్లు ఎగబడి కొన్నారు కాబట్టి వాళ్ల లెక్క తప్పేం కాదు.

ప్రశ్న: అంత పేరున్న కారుని ఎందుకు ఆపేశారు? మళ్లీ వస్తుందా? (నెల్లూరు)

జవాబు: కొనేవాళ్లు లేక. ఏడో తరం వచ్చిన కొత్తలో అమెరికాలో బాగానే పోయింది, ఆ తర్వాత ఏటేటా పడిపోయింది. కూపే కొనే కుర్రాళ్ల కోసం టొయోటాయే 2004లో సయాన్ టీసీ అని ఇంకో చవకైన బండి తెచ్చి పక్కన పెట్టింది, అంటే తన బిడ్డకి తనే పోటీ. 2005 మోడల్‌తో అమెరికాలో, 2006 ఏప్రిల్‌లో జపాన్‌లో ముగిసింది. ముప్పై అయిదేళ్లు.

నా అభిప్రాయం అడిగితే, సెలికాని చంపింది ముందు చక్రాల డ్రైవ్ కాదు, ర్యాలీలు పోయాక దానికి చెప్పుకోవడానికి ఓ కథ లేకపోవడం. మొదటి బండికి ఆ రూపం, నాలుగు నుంచి ఆరు దాకా జీటీ-ఫోర్, చివరిదానికి ఒక మంచి ఇంజన్ ఉంది కానీ అది అర్థం కావాలంటే 6000 దాటించాలి. షోరూమ్ టెస్ట్ డ్రైవ్‌లో, పక్కన సేల్స్‌మన్ కూర్చుని ఉండగా, అంత దూరం ఎవరు తొక్కుతారు?

దాని ఆస్తి పంచుకున్నవాళ్లు మాత్రం ఉన్నారు. 2012లో సుబారుతో కలిసి చేసిన 86 వెనక చక్రాల సరదాని తిరిగి తెచ్చింది (మా హైదరాబాద్ సార్, మీకోసమే). 2020లో వచ్చిన జీఆర్ యారిస్, మూడు సిలిండర్ల 1.6 టర్బో, నాలుగు చక్రాల డ్రైవ్, ర్యాలీ రూల్స్ కోసమే పుట్టిన బండి, అది జీటీ-ఫోర్ వారసుడే. ఇక సెలికా పేరుతోనే బండి చేస్తున్నామని 2024లో కంపెనీ పెద్దలే బయటికి అన్నారు. వస్తే ఫొటో ముందు మీకే చూపిస్తాను. అది ఏ ఫ్యామిలీ కారు పునాది మీద లేస్తుందో, నేను మాత్రం మొదట అదే చూస్తాను.